తలల మీద నడిచిన మేకలు

పోయిన నెల మా అమ్మాయి కొత్త ఫ్లాటుకి కర్టెన్లు కొనడానికి పంజాగుట్టలో ఒక దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు పైకప్పుకి బిగించిన సన్నటి పట్టా చూపించి, చేతిలో రిమోటు నొక్కాడు. కర్టెన్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చప్పుడు లేకుండా వెళ్ళి ఆగింది. అతను మా వైపు గర్వంగా చూశాడు. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "మీరింకా బళ్ళో చేరకముందే, ఇక్కడికి రెండు కిలోమీటర్లు లేదు, అమీర్‌పేట సందులో ఇలాంటి పట్టా బిగించి నేను మేకల్ని నడిపించాను" అన్నాను. ఇంక కథ చెప్పక తప్పలేదు. ఆ కథ నేను చాలాసార్లు చెప్పాను. ఆఫీసుల్లో, పెళ్ళి భోజనాల దగ్గర, రైళ్ళలో, ఒకసారి పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ నవ్వు వస్తుందో నాకు తెలుసు. దుకాణదారు బల్ల పట్టుకుని నవ్వాడు. మా అమ్మాయి మాత్రం ఆ కథ చిన్నప్పటి నుంచీ వింటోంది కాబట్టి నవ్వలేదు. గుడ్డల నమూనాలు తిరగేస్తూనే, "తర్వాత ఆ పెద్దాయన ఏం చేశాడు నాన్నా?" అని అడిగింది. నా కథ నవ్వు దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతి భాగం నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పెద్దాయన పేరు ఖాదర్ సాబ్. అమీర్‌పేట పెద్ద రోడ్డు వెనక సందులో ఆయనకొక పాత ఇల్లు ఉండేది. ఆ ఇంటి డాబా మీద రేకుల గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. తెనాలిలో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం రాక, మా నాన్నగారు "అందరూ కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, నువ్వూ నేర్చుకో" అంటే రైలెక్కాను. అప్పట్లో సగం ఆంధ్రా రైలెక్కింది. ఆ సందులో గోడ కనిపించకుండా కోర్సుల కాగితాలు అంటించి ఉండేవి, ఒకదాని మీద ఒకటి, పాత కాగితాల మందం వల్ల గోడలు ఉబ్బినట్టు కనపడేవి. జావా, ఒరాకిల్, ఇంకా పేరు పలకడం రానివి. మెస్సుల సాంబారు వాసన, జిరాక్సు మిషన్ల వేడి గాలి, తడి బట్టలు ఆరని హాస్టళ్ళ ముక్కిన వాసన. వాటన్నిటినీ దాటి ఖాదర్ సాబ్ గడపలో అడుగుపెడితే వేరే వాసన వచ్చేది. పటిక, ఉప్పు, తడిసిన మేక బొచ్చు, దాని పైన గురువారం గురువారం ఆయన భార్య వేసే ఊదు పొగ. మొదటి వారం ముక్కు మూసుకున్నాను. రెండో నెలకి ఆ వాసన తగిలితేనే ఇంటికొచ్చినట్టు ఉండేది.

ఖాదర్ సాబ్ బొచ్చు తోళ్ళు చేసేవాడు. అంటే చెప్పులకీ సంచులకీ వాడే చర్మం కాదు, బొచ్చు ఊడకుండా శుద్ధి చేసిన తోలు. దర్గాలలో ఫకీర్లు కూర్చోవడానికి, మఠాల్లో స్వాములు జపం చేసుకోవడానికి కూడా ఆయన దగ్గరే కొనేవారు. "ఇద్దరి కిందా నా మేకనే" అని నవ్వేవాడు. తోలుకి అంటిన మాంసం గీకి, పటికా ఉప్పూ పట్టించి, నాలుగు కర్రల చట్రంలో చుట్టూ దారాలతో నవారు మంచం అల్లినట్టు బిగించి ఆరబెట్టాలి. ఎండ తగిలితే బిరుసెక్కి పగులుతుంది, గాలి తగలకపోతే కుళ్ళుతుంది. నీడా కావాలి, గాలీ కావాలి. ఆరిందో లేదో ఆయన చేత్తో చూసేవాడు కాదు, వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి వినేవాడు. డప్పులా పలికితే దించేవాడు, లేకపోతే "ఇంకా నిద్రపోతుంది" అనేవాడు. ఆయన బిగించిన దారం ముడి చిన్నది, చూడ్డానికి శనగగింజంత ఉండేది. నలభై ఏళ్ళు ఏ తోలూ చట్రంలోంచి జారలేదని ఆయనకు గర్వం. ఇంకే గర్వమూ లేదు.

ఆ యేడు ఆయన పని హఠాత్తుగా పెరిగింది. పంజాగుట్టలో విదేశాలకు పోయేవాళ్ళకి పెట్టెలూ చలికోట్లూ అమ్మే ఒక దుకాణంవాళ్ళు గొర్రె బొచ్చుతో చెవులు మూసే టోపీలు కావాలన్నారు. ఎన్ని చేస్తే అన్ని. అదే యేడు ఆయన ఇంటి ముందు హాలు మీద చలపతి గారి కన్ను పడింది. చలపతి గారిది మా వైపే, భీమవరం. మెడలో టై, చేతిలో సుద్ద, నోట్లో ఇంగ్లీషు. హాలు మొత్తం అద్దెకిస్తే కంప్యూటర్ క్లాసులు పెట్టుకుంటానన్నారు. ఖాదర్ సాబ్ తోళ్ళు ఆరేది ఆ హాల్లోనే. ఇల్లు నడిపేది మాత్రం ఆయన కాదు, ఆయన భార్య. నేనామెను ఖాలా, అంటే పిన్నీ, అనేవాణ్ణి. పొద్దున్నే ఇత్తడి గిన్నెలో చాయ్ మరగబెడుతూ ఇంటి తీర్పులన్నీ చెప్పేది.

"నలభై ఏండ్లు మేకలతోని కాపురం చేసిన. ఇంక మనుషులతోని చేస్త. హాల్ ఇచ్చేయ్" అంది.

"మరి నా తోళ్ళు యాడ పెట్టాలె? నీ నెత్తిమీదనా?" అన్నాడు ఆయన.

"నెత్తిమీదనే పెట్టు, నాకు కనపడకుంటే చాలు."

ఆ మాట వినగానే నాకు వెలిగింది. ఆ హాలు నిజాం కాలపు కట్టడం, పైకప్పు రెండు నిలువుల ఎత్తు, ఇనుప గర్డర్లు, వాటి మీద షాబాదు బండలు. కింద క్లాసు పెట్టుకోవచ్చు, పైన తోళ్ళు వేలాడదీయొచ్చు. చాయ్ గ్లాసు కింద పెట్టి, డిప్లొమాలో ఎప్పుడూ రానంత ఉత్సాహంతో గచ్చు మీద సుద్దతో బొమ్మ గీశాను. హాలు మధ్యలో ప్లైవుడ్ అడ్డు, మనిషికి జానెడు ఎక్కువ ఎత్తు. అడ్డుకి ముందు చలపతి గారు, వెనక ఖాదర్ సాబ్. అడ్డు పైనుంచి గర్డర్లకు బిగించిన పట్టా, ముందు గోడ కిటికీల నుంచి వెనక గోడ దాకా. పొద్దున నమాజు నుంచి క్లాసు మొదలయ్యేదాకా తోళ్ళు కిటికీల దగ్గర గాలి తాగుతాయి. క్లాసు వేళకి వెనక్కి వచ్చి అడ్డు చాటున కూర్చుంటాయి. ఖాదర్ సాబ్ ఆ బొమ్మ చుట్టూ ఒకసారి నడిచి, "నడుస్తదా ఇంజనీర్ సాబ్?" అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు అదే. ఖాలా మాత్రం బొమ్మ వైపు చూడకుండా షరతు పెట్టింది. "ఒక్కటే మాట. ఆ టై సార్ నుంచి ఒక్క ఫిర్యాదు నా చెవుల పడ్డదంటే, తోళ్ళు ఈ ఇంట్ల ఉండయి. పని బందు. అల్లా కసమ్." ఆయన తల ఊపాడు. ఖాలా ఒట్టు పెట్టుకుంటే ఆ ఇంట్లో దానికి అప్పీలు లేదు.

పట్టా బిగించడానికి మాకు మూడు వారాలు పట్టింది. చెయ్యాల్సిన తప్పులన్నీ చేశాం. మొదట నేను కర్టెన్ల చక్రాలు తెచ్చాను, ప్లాస్టిక్‌వి. మొదటి తడి తోలు బరువుకే అవి పటపటా విరిగి, చట్రం వచ్చి ఖాదర్ సాబ్ చాయ్ గ్లాసులో మూతి పెట్టింది. ఆయన గ్లాసు వైపు, నా వైపు చూసి, "మేక సుత చాయ్ తాగుతదని నాకు తెల్వకపాయె" అన్నాడు. తర్వాత పాత సామాన్ల బజారు తిరిగి, జారే గేట్లకు వేసే ఇనుప చానల్ తెచ్చి తలకిందులు చేసి గర్డర్లకు బోల్టులతో బిగించాం. అందులో తిరగడానికి పాడైన ఫ్యాన్లలోంచి తీసిన బేరింగులు. ఒక్కో బేరింగు కింద గుండ్రంగా తిరిగే కొక్కెం పెట్టమని ఆయనే చెప్పాడు, తోలు రెండు వైపులా గాలికి తిరగాలి కదా అని. నేను నిచ్చెన ఎక్కి బోల్టులు బిగిస్తుంటే ఆయన కింద నిచ్చెన పట్టుకుని సలహాలు చెప్పేవాడు. ఆయన ఎక్కితే నేను చెప్పేవాణ్ణి. ఒకరి సలహా ఒకరం వినేవాళ్ళం కాదు.

చట్రాలు వేలాడదీసిన మొదటి రోజు నేను వాటిని బీరువాలో చొక్కాల్లా ఒకదానికొకటి ఆనించి సర్దాను. చూడ్డానికి ఎంత బాగుందో! ఎంత చోటు మిగిలిందో! నాలుగో రోజు ఆయన మధ్యలో ఉన్న ఒక గొర్రె తోలు బొచ్చు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, గుప్పెడు బొచ్చు చేతిలోకి వచ్చింది. కోప్పడలేదు. ఆ గుప్పెడూ నా చేతిలో పెట్టి, "ఇది నీ సర్టిఫికేట్. దాచుకో" అన్నాడు. రెండు తోళ్ళ నడుమ ఒక మనిషి మొహం పట్టేంత జాగా ఉండాలని అప్పుడు చెప్పాడు. ఆ దూరం చెదరకుండా ఉండడానికే నాకొక ఉపాయం తట్టింది. జీవితంలో నాకు సొంతంగా తట్టిన ఉపాయాలు రెండో మూడో, అందులో ఇదొకటి. పట్టాని కిటికీల వైపుకి కొద్దిగా వాలుగా బిగించాం, వేలెడంత వాలు. చట్రాలని ఒకదానికొకటి సరైన దూరంలో తాళ్ళతో గొలుసులా కట్టాం. అన్నిటికంటే వెనకనున్న చట్రానికి ఒక పెద్ద తాడు. ఆ తాడుని లాగి వెనక గోడ కొక్కేనికి కడితే పన్నెండు మేకలూ అడ్డు వెనకే ఉంటాయి. ముడి విప్పి తాడు కొద్దికొద్దిగా వదిలితే వాటి బరువుకి అవే కిటికీల వైపు దొర్లుతాయి. పొద్దున తాడు వదిలేదీ, తొమ్మిదికి లాగి కట్టేదీ ఖాదర్ సాబే. ఆ ముడి ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

అది నడవడం మొదలైన పొద్దున నేను మరిచిపోలేను. తెల్లారి వెలుతురులో తెల్లవీ నల్లవీ గోధుమరంగువీ పన్నెండు తోళ్ళు, కాళ్ళు నాలుగూ బార్లా చాపుకుని, ఒకదాని వెనక ఒకటి మా తలల మీదుగా మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళాయి. గాలికి కొక్కేల మీద ఇటోసారి అటోసారి తిరుగుతూ, ఊరు చూస్తున్నట్టు. ఖాలా వంటింటి గుమ్మంలో నిలబడి ముక్కు మీద వేలేసుకుంది. ఖాదర్ సాబ్ తాడు వదులుతూ, పైకి చూస్తూ, "చల్, చల్ బేటా" అని వాటితో మాట్లాడాడు. నాలుగు నెలలు ఒక్క ఫిర్యాదు లేదు. చలపతి గారు వాసన తెలియకుండా అగరొత్తులు వెలిగించుకున్నారు, ఖాలా అద్దె తీసుకుంది, పంజాగుట్టకి టోపీలు వెళ్ళాయి. నేను రోజూ పొద్దున చలపతి గారి క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను మంచి విద్యార్థిని కాదు. చదవకపోవడాన్ని హాస్యంతో కప్పేవాణ్ణి. సారు ప్రశ్న అడిగితే తెలియదనే బదులు అందరూ నవ్వే జవాబు చెప్పేవాణ్ణి, ఆ నవ్వులో నా తెలియనితనం కొట్టుకుపోయేది. అదే అలవాటు నాకు జీవితమంతా ఉంది. చాలా చోట్ల నన్ను గట్టెక్కించింది, ఆ గట్టు ఎవరి వీపో నేను చూడలేదు. ఒక శుక్రవారం పొద్దున చలపతి గారు నా ప్రోగ్రాము చూసి, నలభై మంది ముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏంటయ్యా ఇది? ఒక్క లైనన్నా నడుస్తుందా? మెకానికల్ వాడివి, నీకెందుకయ్యా ఈ జావా గోల? వెళ్ళి ఆ మేకల దగ్గర కూర్చో, అవన్నా నీ మాట వింటాయి."

అందరూ నవ్వారు. నా సొత్తు అనుకున్న నవ్వు ఆయన కొట్టేశారు. సరే, మేకల దగ్గరే కూర్చుంటాననుకున్నాను.

ఆ మధ్యాహ్నం కొత్త బ్యాచికి డెమో క్లాసు. పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా వచ్చారు. ఒంగోలు, కరీంనగర్, అనంతపురం, ఎక్కడెక్కడి నుంచో బస్సు దిగి నేరుగా వచ్చినవాళ్ళు, సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఖాదర్ సాబ్ జుమ్మా నమాజుకి వెళ్ళాడు. ఖాలా వంటింట్లో ఖట్టీ దాల్‌కి పోపు వేస్తోంది. నేను వెనక తలుపులోంచి అడ్డు చాటుకి వెళ్ళి, కొక్కేనికున్న ముడి విప్పాను. అడ్డు అవతల చలపతి గారి గొంతు ఖంగుమంటోంది.

"మీ పిల్లల్ని నా చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్ళండి. ఇవాళ వీళ్ళు ఎలా ఉన్నారో బాగా చూసుకోండి. ఆరు నెలల తర్వాత వచ్చి చూడండి. మీ పిల్లల్ని మీరే గుర్తుపట్టలేరు!"

నేను తాడు కొద్దికొద్దిగా వదులుతూ ప్లైవుడ్ సందులోంచి చూశాను. మొదట అడ్డు పైన రెండు తెల్ల కాళ్ళు కనిపించి ఉంటాయి. తర్వాత మొత్తం మేక, కాళ్ళు బార్లా చాపుకుని, గాల్లో మెల్లగా తిరిగి సభ వైపు మొహం పెట్టింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక నల్లది. కుర్చీల్లో గుసగుసలు ఆగిపోయాయి. చలపతి గారు అడ్డుకి వీపు పెట్టి ఉన్నారు కాబట్టి ఆయనకు తెలియలేదు. అందరూ నోళ్ళు తెరిచి పైకి చూస్తుంటే తన మాటల ప్రభావమే అనుకుని చేతులు ఇంకా పైకెత్తారు. అప్పుడు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి లేచి నిలబడి, చాలా మర్యాదగా, చాలా ఆందోళనగా అడిగాడు.

"ఇట్ల మారుతరా సార్?"

నా కథ ఇక్కడ ఆగుతుంది. ఎక్కడ చెప్పినా ఇక్కడే ఆపుతాను. నవ్వు దానంతట అదే వస్తుంది. తాజాగా బిగించిన ముందు తోలు నుంచి పటిక నీళ్ళ చుక్క చలపతి గారి నెత్తిన పడ్డమూ, ఆయన చేత్తో తుడుచుకుని పైకి చూడ్డమూ, ఒక తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి పరిగెత్తడమూ, వినేవాళ్ళ ఓపికను బట్టి కలుపుతుంటాను. ఆ రోజు నేను అడ్డు వెనక నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాను, కళ్ళలో నీళ్ళొచ్చేంత. నవ్వయ్యాక తాడు వదిలేసి, వెనక తలుపులోంచి డాబా ఎక్కిపోయాను. ఐదు నిమిషాల తర్వాత, అప్పుడే అల్లరి విని దిగి వచ్చినవాడిలా మెట్లు దిగాను.

చలపతి గారు అప్పటికే వంటింటి గుమ్మంలో ఉన్నారు. అరవలేదు, అదే ఇబ్బంది. నెత్తి మీది తడి రుమాలుతో అద్దుకుంటూ, "మూడు కుటుంబాలు లేచి వెళ్ళిపోయాయమ్మా. నేనెలా క్లాసులు నడపను?" అన్నారు. ఖాలా పొయ్యి ఆపింది. అప్పుడే ఖాదర్ సాబ్ అత్తరు వాసనతో, తల మీద తెల్ల టోపీతో గడపలోకి వచ్చాడు. ఆయన హాల్లోకి చూశాడు, ఖాళీ కుర్చీల పైన వరసగా నిలబడ్డ తన తోళ్ళని చూశాడు. అడ్డు వెనక్కి నడిచాడు. నేనూ ఆయన వెంట వెళ్ళాను. వేలాడుతున్న తాడు కొస పట్టుకుని చూశాడు, కొక్కెం తడిమి చూశాడు. తర్వాత కుడిచెయ్యి తిప్పి అరచేతిని చాలాసేపు చూసుకున్నాడు, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు.

"నా ముడి జారింది" అన్నాడు.

అప్పుడు నాకూ ఆయనకూ మధ్య మూరెడు దూరం. చెప్పడానికి రెండు మాటలు చాలు. చెప్తే గది ఖాళీ చెయ్యాలి, చలపతి గారు బయటికి గెంటుతారు, నాన్నగారికి తెలుస్తుంది. ఇవి పెద్ద కారణాలేం కావు. నిజం చెప్పాలంటే ఇవేవీ అప్పుడు నా బుర్రలో లేవు కూడా. కథ అంత బాగా కుదిరింది, దాన్ని పాడుచేయడం ఇష్టం లేకపోయింది. పైగా ఓదార్చాను. "తాడు పాతదైంది కదా ఖాదర్ సాబ్, అందుకే అయ్యుంటుంది" అన్నాను.

"తాడుకేం గాలె ఇంజనీర్ సాబ్. చెయ్యి వదులైంది. వయసు" అన్నాడు.

ఖాలా ఒట్టు పెట్టిన మాట వెనక్కి తీసుకోలేదు, ఆయన అడగలేదు. ఆయన వాదించి ఉంటే ఆమె మెత్తబడేదేమో, నాకలాగే అనిపిస్తుంది. కానీ తప్పు తన చేతిదని నమ్మినవాడు దేన్ని పట్టుకుని వాదిస్తాడు? ఆదివారం పట్టా విప్పాం. నేను నిచ్చెన ఎక్కాను, ఆయన కింద పట్టుకున్నాడు, ఈసారి ఇద్దరం ఏ సలహా చెప్పుకోలేదు. ఆరని తోళ్ళని పాతబస్తీలో ఆయన చుట్టాలు ఆటోలో తీసుకుపోయారు. చట్రాల కర్రలు ఖాలా నీళ్ళ పొయ్యిలోకి వెళ్ళాయి. అడ్డు తీసేసి హాలు మొత్తం చలపతి గారికి ఇచ్చారు. ఇంట్లో మేక వాసన పోయింది. ఆయన పొద్దున్నే లేచి, అలవాటుగా హాలు గుమ్మం దాకా వెళ్ళి, తాళం చూసి తిరిగొచ్చేవాడు. నేను నెల తిరక్కుండా ఎస్.ఆర్. నగర్ హాస్టలుకి మారాను. మారిన మొదటి రోజే కొత్త రూమ్మేట్లకి మేకల కథ చెప్పాను. పేరు వచ్చింది.

మా అమ్మాయి ప్రశ్న తర్వాత పది రోజులు వాయిదా వేసి, వెళ్ళాను. మెట్రో స్తంభాల నీడలో పెద్ద రోడ్డు పోల్చుకోవడం కష్టమైంది కానీ, సందులోకి తిరిగాక గోడలు అవే. కాగితాల మీద కోర్సుల పేర్లు మారాయి, ఆరు నెలల హామీ మారలేదు. పిల్లలు అదే నడకతో అదే సంచులతో తిరుగుతున్నారు. మా రోజుల్లో తడి బట్టలు కనిపించే చోట ఇప్పుడు ఏసీ పెట్టెలు నీళ్ళు కారుస్తున్నాయి. మేం ఒక గదిలో ఆరుగురం ఉండి ఇరుకనుకునేవాళ్ళం కానీ, కిందికి దిగితే ఒక ముసలాయన మేకతో మాట్లాడుతూ కనిపించేవాడు, ఒక ముసలమ్మ అడక్కుండా చాయ్ పోసేది. ఇప్పటి పిల్లలకి గది బాగానే ఉంది, కింద సెక్యూరిటీ గార్డు ఉన్నాడు. ఏది మేలో చెప్పే అర్హత నాకు లేదు, ఆ ముసలాయన్ని కింద లేకుండా చేసినవాళ్ళలో నేనొకణ్ణి. ఇంటి ముందు భాగం ఐదంతస్తుల హాస్టలైంది. వెనక రెండు గదులు మాత్రం పాతవే మిగిలాయి. వరండాలో కుర్చీలో ఖాదర్ సాబ్. ఎనభై దాటి ఉంటాయి, చిక్కిపోయాడు, గడ్డం పూర్తిగా తెల్లబడింది. నన్ను పోల్చుకోవడానికి ఆయనకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"అరే, ఇంజనీర్ సాబ్! జుట్టు యాడ పోయింది?"

ఖాలా చాయ్ తెచ్చింది. నడుం వంగింది, నోరు వంగలేదు. వరండా కమ్మీకి తీగ కట్టి బట్టలారేసి ఉన్నాయి. చాయ్ తాగుతూ మాటలు సాగాయి, చలపతి గారు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోవడం, మోకాళ్ళు, హాస్టలు పిల్లల రాత్రి పాటలు. ఖాదర్ సాబ్ ఏం చేస్తుంటారని అడిగాను. ఖాలా నవ్వింది.

"ఏం చేస్తడు? కూసుంటడు. ఏదన్న కట్టాలంటే మాత్రం నేనే కట్టాలె. ఆ మేకల దినం సంది ఈయన ముడి వేసుడు బందు జేసిండు. పాల సంచి మూతి సుత నాకే ఇస్తడు. బక్రీద్‌కి మేకను తెస్తే కట్టేసేది నేనే. ఈయన కడితే అది ఢిల్లీ పోతది."

ఖాదర్ సాబ్ కూడా నవ్వాడు. పాత హాస్యం, ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నడుస్తున్నదని తెలుస్తూనే ఉంది. నా కథ అటు నడిచినన్నాళ్ళూ వీళ్ళ కథ ఇటు నడిచింది. నేను గ్లాసు కింద పెట్టాను. తయారుచేసుకుని వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ముడి జారలేదు ఖాదర్ సాబ్. నేను విప్పాను" అన్నాను.

ఆయన వినబడనట్టు చూశాడు. చలపతి గారు నన్ను తిట్టడం దగ్గర నుంచి డాబా మెట్లు దిగి రావడం దాకా వరసగా చెప్పాను. ఎక్కడా గొంతు తగ్గించలేదు, ఎక్కడా ఆగలేదు. అది నవ్వు రాకుండా చెప్పడం నాకు మొదటిసారి. ఖాలా చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. ఖాదర్ సాబ్ తల వంచుకుని అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆపాక తలెత్తాడు.

"మంచిగ నడిచినయా? యాడ సుత ఆగలే?"

"ఎక్కడా ఆగలేదు. నూనె పోసినట్టు వెళ్ళాయి."

"ఊఁ" అన్నాడు. అరచేతులు తిప్పి చూసుకుంటూ, "ముడి ఎట్ల విప్పినవ్?" అన్నాడు.

"చేతులతో రాలేదు. గోళ్ళతో చూశాను, మేకుతో చూశాను, కదల్లేదు. చివరికి స్టూలెక్కి పళ్ళతో విప్పాను. ఒక పన్ను కొస విరిగింది కూడా."

ఖాదర్ సాబ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. భార్య వైపు తిరిగాడు.

"విన్నవా? పండ్లతోనంట! పన్ను ఇరిగిందంట!"

ఖాలా ట్రే పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, నా వైపు తిరిగి, "ఓ బాబూ, ఇన్నేండ్లు నీ నోరు ఏమైంది? నేనీయన్ని ఎన్నెన్ని మాటలంటి" అంది. ఆమె గొంతులో కోపం నా మీద సగమే. తల వంచుకుని, "నన్ను మాఫ్ చేయండి" అన్నాను, ఇద్దరికీ కలిపి.

"మాఫ్ సంగతి తర్వాత చూద్దాం, దానికి జర టైం పడ్తది, నువ్వు వస్తుండు" అన్నాడు ఖాదర్ సాబ్. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి వెళ్ళి ఖాలా పక్కన నిలబడ్డాడు. "ముందు ఈమెకు ఇంకోసారి చెప్పు. చెవులు మంచిగనే ఉన్నయి, అయినా చెప్పు. ఆ పన్ను కాడికెళ్ళి మొదలుపెట్టు."